గొడుగు నీడ

సుల్తాన్ బజార్ సందుల, గడియారాల దుకాణం మీద
నా స్టూడియో.
పాస్‌పోర్టు ఫొటో పది నిమిషాలు,
పోయినోళ్ల ఫొటో రెండు రోజులు.
పోయినోళ్లకు తొందర ఉండదు గద.

ఆ సోమవారం వాన.
గాలయ్య వచ్చిండు, ఎనభై దాటినట్టున్నడు.
అంగీ లోపల ప్లాస్టిక్ కవరు,
కవరు లోపల ఇంకో కవరు,
దాని లోపల రాజేంద్రనగర్ వ్యవసాయ కాలేజీ,
డెబ్బై రెండు ఏప్రిల్ గ్రూపు ఫొటో.

"ఈమె గావాలె."
మూడో వరుస, ఎడమ నుంచి ఐదు.
ముందు నిలబడ్డాయన తలపాగా వెనక
సగం మొఖం, ఒక కన్ను, కళ్లద్దాల్ల ఒక గాజు.
డాక్టర్ అంబుజాక్షి.

కెనడాల ఒక సర్కారు యూనివర్సిటీకి
నూరేండ్లు నిండినయట.
అండ్ల చదివినోళ్లను, చదువు చెప్పినోళ్లను,
పేరు తెచ్చినోళ్లందర్ని గోడకెక్కిస్తున్నరట.
ఉత్తరం కాలేజీకొస్తే
కాలేజీల ఆమె ఎవ్వరికీ ఎరుక లేదు.
పాత అటెండరొకాయన అత్తాపూర్‌ల ఉంటడని
ఎవరో అన్నరట.

ఫోన్ల ఆ జాబితా చూపెట్టిండు.
వేలుతోని పైకి జరుపుకుంట పోయిన.
ఒక మంత్రి. ఇద్దరు జడ్జీలు.
మంచు మీద కర్రతో ఆడేటాయన,
ముందు పళ్లు రెండు లేవు, నవ్వు మాత్రం నిండుగుంది.
చుక్కల బరువు లెక్కగట్టినామె.
చేపలు ఏం మాట్లాడుకుంటయో పుస్తకం రాసినాయన.
అందరికీ మొఖాలున్నయి.
ఈమెకు బూడిద రంగు గడి,
కింద ఒక్క ముక్క:
గోధుమ కుంకుమ తెగులు, నాలుగేండ్లు బోధన.
"మిగిలిన ముప్పై ఏండ్లు ఈడనే," అన్నడు గాలయ్య.
"అది రాయలే."

ఒక కన్నుంటే రెండోది కష్టం కాదు,
తిప్పి అతికిస్తే అయిపాయె.
అతికించిన. తల అడ్డం ఊపిండు.
"ఆ కన్ను చిన్నగుండాలె.
గొట్టంల పెట్టే కన్ను వేరే,
మూసుకునే కన్ను వేరే."
చిన్నగ చేసిన.
"ఇంకింత."
చేసిన.
"కళ్లద్దాల కాడకు నల్ల దారం చుట్టుండె.
ఆ దేశం చలికి ఇనుప కాడ అంటుకొని
చెవి తోలు లేచిందట.
ఈడికొచ్చినంక గూడ దారం తియ్యలే,
మే నెలల గూడ."
దారం చుట్టిన.

నోరు సంగతి చాలాసేపు ఏం జెప్పలే.
వాన ఆగింది.
కింద గడియారాలన్నీ ఒక్కసారి నాలుగు కొట్టినయి,
ఒకటి తప్ప. అది కొద్దిగాగి కొట్టింది.

"ఒకనాడు పిలిచి చూడమన్నది గొట్టంల.
గోధుమాకు. ఎర్రెర్రగ,
బొట్టుపెట్టె ఒలికినట్టు.
'మంచిగుందమ్మా' అన్న.
అన్నంక భయమైంది,
తెగులును మంచిగుందంటినని.
ఆమె నవ్వలే, కోపం జెయ్యలే.
'ఔను గాలయ్యా, అదే కష్టం' అన్నది.
అట్లుండాలె నోరు."

ఇరవై ఆరేండ్లు దాటింది నేను ఈ పనిల.
పెండ్లి నోర్లు గీసిన, ఎలక్షన్ నోర్లు గీసిన.
ఆ రాత్రి పదకొండు దాక కూసున్న.

తెల్లారి మళ్లొచ్చిండు. చూసిండు.
ఏమనలే. కళ్లద్దాలు తీసి అంగీకి తుడుచుకొని
మళ్ల చూసిండు.

ఉత్తరంల షరతుంది:
వెనక తెల్లగుండాలె, మనిషి ఒక్కతే ఉండాలె.
తలపాగా తీసేసిన,
తలపాగా కింది ప్రిన్సిపాల్‌ను తీసేసిన,
అశోక చెట్లను, బిల్డింగును, బోర్డును.
ఆఖర్న ఆమె భుజం మీద
నల్లటి వంపొకటి మిగిలింది.
మరకనుకొని రుద్దబోయిన.

"గొడుగు నీడ అది.
ఎండ మస్తుండె. పక్కన నిలబడి పట్టిన.
ఫొటోల పడుతున్నవని నన్ను జరగమన్నరు.
జరిగిన, చెయ్యి మాత్రం చాపే ఉంచిన."

నా చెయ్యి ఆగింది.

పైసలు లెక్కబెట్టి ఇచ్చిండు, తీసుకున్న.
వద్దంటె ఊకునే మనిషి కాదు.
ఫొటో పంపిన.
రాత్రికే జవాబొచ్చింది:
చాలా బాగుంది, కృతజ్ఞతలు,
భుజం మీద ఏదో మరక ఉన్నట్టుంది,
తీసెయ్యగలరా?

మరక కాదు, అని రాసిన.
అంతకన్న ఇంగ్లిషు నాకు రాదు.